ఆబ్సింత్: నిప్పు వద్దు, చల్లని నీళ్లు చాలు

మూలికలతో చేసే ఘాటైన మద్యం ఆబ్సింత్ కొనేముందు సీసా వెనకవైపు చదవండి. వర్మ్‌వుడ్ (ఒక చేదు మూలిక), అనిస్ (సోంపులాంటి గింజ), సోంపు నానబెట్టి బట్టీలో కాచి దించినదైతేనే డబ్బు పెట్టండి. కృత్రిమ రంగు ఉందని రాసి ఉంటే వదిలేయండి. అసలు పచ్చదనం బట్టీలో దించాక మళ్లీ నానబెట్టిన ఆకులది, ఎండ తగిలితే గోధుమ రంగుకి తిరుగుతుంది. స్విట్జర్లాండ్‌లోని వాల్-ద-ట్రావెర్ లోయ రంగులేని తెల్లరకానికి పేరుమోసింది. కొత్తవాళ్లు దానితోనే మొదలుపెట్టడం మేలు.

గ్లాసులో 30 మి.లీ. పోసి, పైన చిల్లుల చెంచా, దాని మీద పంచదార బిళ్ల పెట్టండి (తెల్లరకానికి అక్కర్లేదు). ఐస్ నీళ్లు చుక్కలుగా వదలండి. అడుగు నుంచి మబ్బు లేస్తుంది. ఆల్కహాల్‌లో కరిగి నీళ్లలో కరగని అనెథోల్ అనే నూనె అలా విడిపోతుంది. నీళ్లు 90 మి.లీ. పడ్డాక ఆపి రుచి చూడండి, 150 దాటితే చప్పబడుతుంది. కొందరిలా పంచదారకి నిప్పంటించకండి, మూలికల వాసన మాడిపోతుంది.

ఆబ్సింత్‌లోని థూజోన్ (వర్మ్‌వుడ్‌లో ఉండే పదార్థం) పిచ్చెక్కిస్తుందని పాత ప్రచారం, అది ఒట్టి మాట. యూరప్‌లో అది కిలోకి 35 మి.గ్రా. మించకూడదు. జాగ్రత్తపడాల్సింది ఆల్కహాల్‌తో, చాలా సీసాల్లో 50 నుంచి 70 శాతం ఉంటుంది.

సీసాని ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి అనెథోల్ పలుకులు కట్టొచ్చు. బయట ఉంచితే మళ్లీ కరుగుతాయి.