ఆవకాయ నుంచి కుంకుమ భరిణెల దాకా

ఆన్‌లైన్ అమ్మకం మొదలుపెట్టినప్పుడు నేను ఎంచుకున్న సరుకు ఆవకాయ. అమ్మ చేతి రుచి మీద అంత నమ్మకం. ఆహార పదార్థం కాబట్టి ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కూడా తీసుకున్నాను. రుచికి ఒక్కరూ వంక పెట్టలేదు. కానీ గాజు సీసాల బరువు, దారిలో కారిన నూనె, పగిలినవాటికి వెనక్కి ఇచ్చిన డబ్బు... మూడు నెలల లెక్క చూసుకున్న రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత లక్క బొమ్మలకు పేరుపడ్డ ఏటికొప్పాక ఊరి కుంకుమ భరిణెల వైపు మళ్లాను. అంకుడు కర్ర తేలిక. లక్క పూసిన భరిణె కారదు, పగలదు, చొక్కాలా కొలత సరిపోలేదని తిరిగి రాదు. 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన కళ కనుక పేరు పెట్టి వెతికేవారూ ఉన్నారు. ఒక్క సంగతి మాత్రం ఆలస్యంగా తెలిసింది: కొరియర్ వారు అసలు బరువు, పెట్టె పరిమాణాన్ని బట్టి లెక్కగట్టే బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే వసూలు చేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు; అలా కిలోల్లో వచ్చేదే పెట్టె పరిమాణపు బరువు. అందుకే భరిణెకు సరిగ్గా పట్టే చిన్న అట్టపెట్టెలు చేయించాను.

నిన్న అమ్మ జాడీ మూత తీస్తూ, ఆవకాయ మళ్లీ ఎప్పుడు అమ్ముతావని అడిగింది. సీసాకు బదులు ఏది వాడాలో ఇంకా వెతుకుతూనే ఉన్నాను.