నాయన సీసాలో దాచిన శనగలు

మొన్న కోయిలకుంట్ల పక్కన మా ఊరికి పోతే మా నాయన గూట్లోంచి ఒక సీసా తీసి నా చేతిలో పెట్టినాడు. లోపల గుప్పెడు శనగలు. పోయిన రబీలో మా చేన్లో, పెంటదిబ్బ పక్కన, ఒక చెట్టు మిగతావాటికి రెండింతలు కాసిందంట, ఆ ఒక్క చెట్టు కాయలు విడిగా ఎండబెట్టి దాచినాడు. "నువ్వు చదివింది ఇదే కదరా, దీంట్లోనుంచి కొత్త రకం తీయలేవా?"

నేనేమో సీసా మూత కూడా తీయకుండానే అనేసినా, నాయనా గొప్ప గింజది కాదు, దిబ్బది అని. మొగం చిన్నబోయింది పాపం.

నా ఎమ్మెస్సీ బఠాణీ మీద, ఉత్తరాదిలో (మన ఎండలకు అది సరిగా రాదు, చలి కావాల). 40 రకాలు, ఒక్కో రకం మూడు చోట్ల, చోటుకు అయిదు చెట్లు, అంటే 600 చెట్లు, ప్రతిదానికీ కాయలు లెక్కబెట్టి, కాయకెన్ని గింజలో లెక్కబెట్టి, వంద గింజలు తూకమేసి, కండ్లు మూసుకున్నా గింజలే కనపడేవి. ట్యాగుల మీద పెన్నుతో రాసినా, ఒక్క వానకు వరస వరసంతా తెల్లకాగితాలైనాయి, పెన్సిల్ అయితే చెదరదని అప్పటిదాకా తెలీదు నాకు.

మూడు చోట్ల ఎందుకంటే ఈ దిబ్బ సంగతి తేల్చుకోడానికే. కంటికి కనపడే తేడా మొత్తాన్ని కొలిస్తే పీసీవీ, అందులో జన్యువుల వాటా జీసీవీ. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే ఆ గుణం గింజతోపాటు తర్వాతి పంటకు పోతాది, బాగా ఎడముంటే అదంతా నేలా నీళ్ళూ చేసిన పని. వంద గింజల బరువు, పూతకొచ్చే రోజులు మామూలుగా నమ్మదగినవి. దిగుబడే మోసం చేస్తాది, మా నాయన చూసింది సరిగ్గా దాన్నే.

పైగా మా చేన్లో ఉండేది జేజీ 11 అనే శనగ రకం. 1999లో వచ్చింది, అంతకుముందు అన్నిగేరి అనే రకం వేసేవాళ్ళు. శనగైనా బఠాణీ అయినా పువ్వు విచ్చుకోకముందే తన పుప్పొడి తానే తీసుకుంటాది, అందుకే ఒకే రకంలో చెట్టుకూ చెట్టుకూ జన్యువుల్లో తేడా దాదాపు ఉండదు. డెన్మార్క్‌లో యోహాన్సన్ అనే ఆయన 1903లోనే చిక్కుడు గింజలతో చూపించినాడు, ఒకే వంశంలో ఎంత పెద్ద గింజ ఏరి వేసినా తర్వాతి పంటలో సైజు పెరగలేదు. తేడానే లేనప్పుడు ఏరేదేముంది?

తేడా ఉంటే మాత్రం భలే ఉంటాది. బఠాణీలో ఎఫైలా అని ఒక్క జన్యువు మారితే చిన్నాకుల చోట నులితీగలొస్తాయి, చెట్లు ఒకదాన్నొకటి పట్టుకోని పడిపోకుండా నిలబడతాయి. మన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్టేషన్ వాళ్ళ ఎన్‌బీఈజీ 47 శనగ కూడా ఎత్తుగా నిలువుగా పెరిగేదే, మిషన్‌తో కోయొచ్చు, కూలీలు దొరకని మా ఊర్లో ఇంకేం కావాల.

ఇదంతా విని మా నాయన ఒకటే అడిగినాడు. "మన మూటలో వేరే రకం గింజ కలిసుంటే?"

నిజమే, అది నేను అనుకోలేదు. కొన్నేండ్లుగా ఇంటి విత్తనమే వేస్తున్నాం, కళ్ళంలో ఏదైనా కలవొచ్చు. సరే, స్వాతి కార్తెలో దిబ్బకు దూరంగా మూడు చోట్ల వేద్దాం, పక్కనే జేజీ 11 వరస అన్నా. ఒకచోట చాలదా అని గొణిగినాడు గానీ సాయంత్రానికి మూడు గూటాలు చెక్కిపెట్టినాడు. పేర్లు మాత్రం పెయింటుతో ఆయనే రాస్తాడంట, నా ట్యాగుల కథ విన్నాడు కదా.