గుట్ట బాటకు చైను బండి

మా మామిడి తోట భాకరాపేట దాటాక ఒక గుట్ట వాలులో ఉంది. కింద ఆరెకరాలు, పైన నాలుగెకరాలు, మధ్యలో కిలోమీటరున్నర బాట. మా మామగారు పలుగు, పారతో తొలిపించిన బాట అది. చాలా చోట్ల వెడల్పు నాలుగున్నర అడుగులే. ట్రాక్టరు ఎక్కదు. జూన్, జూలైలలో పై తోట తోతాపురి కాయంతా మనుషుల తలల మీదే దిగాలి.

ఆ బాటకు పని లేని నెల లేదు. కార్తీకం వానలకు ఎర్రమట్టి కొట్టుకుపోతుంది. సంక్రాంతి తరువాత లాంటానా పొదలు నరకాలి. శివరాత్రి నాటికి ఎండిన బోద గడ్డి తీసేయకపోతే ఎవరో పారేసిన బీడీ చాలు. 2021 నవంబరు వానలకు తిరుమల శ్రీవారి మెట్టు దారే దెబ్బతిని, మరుసటి ఏడాది మే నెలలో గాని తెరుచుకోలేదు. రాతి మెట్లకే ఆ గతి పడితే మా మట్టి బాట ఎంత? మూడు చోట్ల తెగింది. రాళ్లు మోయించి కట్టించేసరికి కూలీల ఖర్చు ఆ ఏటి కాయ డబ్బుకు దగ్గరగా వచ్చింది. అప్పుడు బండి ఆలోచన పట్టుకుంది.

విదేశంలో ఉన్న మా అబ్బాయి వీడియోలు పంపాడు. నాలుగు టైర్లు తీసేసి, వాటి స్థానంలో త్రికోణపు రబ్బరు చైన్లు బిగించిన బండి మంచు మీద పోతూ ఉంది. “ఏడాదంతా నడుస్తుందమ్మా” అన్నాడు. వాళ్ల ఏడాదిలో గడ్డుకాలం మంచు. మనకు నవంబరు బురద ఒకటి, మే నెల రాయి ఒకటి. మంచు రబ్బరును కోయదు, మా గుట్ట రాయి కోస్తుంది. పైగా ఆ బండి వెడల్పే అయిదడుగులు దాటుతుంది.

మా మరిది సలహా ఇంకా సులువు: “రెండు రోజులు జేసీబీ పెట్టి బాటను పదడుగులు చేయించండి వదినా, ట్రాక్టరే వెళ్తుంది.” వాలును అంత లోపలికి కోస్తే పైనున్న మట్టి ఊరుకుంటుందా? ఆ మాట అక్కడితో ఆపించాను.

చైను సంగతి చైను నడిపేవాళ్లనే అడగాలనిపించింది. వరి కోతల సమయంలో శ్రీకాళహస్తి దాటి నాయుడుపేట వైపు వెళ్లాను. అక్కడ తడి మళ్లలో కోత కోసే రబ్బరు చైన్ల యంత్రాన్ని అందరూ చైన్ మిషన్ అనే అంటారు. డ్రైవరు మంచివాడు. గట్టు మీద కూర్చుని, చైనులో ఒక చీలిక దగ్గర వేలు పెట్టి చూపించాడు. రబ్బరు తెరుచుకుని, లోపలి ఉక్కు తీగలు తుప్పు పట్టి, విరిగిన చీపురు పుల్లల్లా బయటికి వచ్చాయి. “రాయి కోసిందమ్మా, నీళ్లు లోపలికి పోయాయి. ఇక దీని పని అయిపోయినట్టే” అన్నాడు. తారు రోడ్డు మీద చైను అరిగిపోతుందని యంత్రాన్ని లారీలో ఎక్కించి ఊళ్లు మారుస్తారట. డీజిల్ ఒలికితే వెంటనే తుడవాలని, పని లేనప్పుడు నీడలో ఉంచాలని కూడా చెప్పాడు. ఏ డీలరూ నాకు ఇంత చెప్పలేదు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి, చైన్ల మీద నడిచే చిన్న తవ్వే యంత్రం, పాతది. మీటరు వెడల్పే, బాటలో పడుతుంది. కానీ తవ్వకం మాకు ఏడాదిలో నాలుగు రోజులే, దానికి అద్దె యంత్రం చాలు. రెండోది, వెనుక నడుస్తూ నడిపే చైను బండి. అయిదు వందల కిలోలు మోస్తుంది.

నేను 31 ఏళ్లు లెక్కల పాఠం చెప్పినదాన్ని. లెక్క చూడకుండా ఎలా కొంటాను? బండి 400 కిలోలు, సరుకు 500, మొత్తం 900. ఒక్కో చైను నేలను తాకే చోటు 18 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవు. రెండూ కలిపి 3,600 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు పావు కిలో. నా బరువు 60 కిలోలు. నడిచేటప్పుడు ఒంటి కాలు మీద సుమారు 150 చదరపు సెంటీమీటర్లు ఆనుతాయి. అంటే 400 గ్రాములు. నిండు బండి కంటే నేనే బాటను ఎక్కువ తొక్కుతున్నానన్నమాట! ఈ లెక్క చెప్పి మా మరిదిని రెండు రోజులు విసిగించాను.

డీలరు మనిషి సిమెంటు నేల మీద ఖాళీ బండి నడిపి చూపించాడు. మా గుట్టకే తెచ్చి చూపించమన్నాను. గొణుక్కుంటూనే మినీ లారీలో తెచ్చాడు. క్రేట్లలో రాళ్లు నింపి ఎక్కించాం. ఎక్కడం బాగానే ఎక్కింది. మలుపులో అతను ఒక వైపు లివరు పూర్తిగా పట్టుకుని బండిని నిలబడిన చోటే గిర్రున తిప్పాడు. చైన్ల కింద మట్టి లేచి, చాటంత గుంట పడింది. మా తోట చూసే పెద్దాయన ఆ గుంటలో అరచెయ్యి ఆనించి, “వానొస్తే నీళ్లు మొదట నిలిచేది ఇక్కడేనమ్మా” అన్నాడు. పావు కిలో లెక్క నిలబడిన బండికే, తిరిగే బండికి కాదని నాకు తట్టనే లేదు. లివరు నేను తీసుకుని కాస్త ముందుకు, కాస్త పక్కకు, నాలుగు విడతల్లో తిప్పాను. మట్టి పెద్దగా లేవలేదు. మూడు వరసల క్రేట్లతో అడ్డవాలు దాటుతుంటే పైవైపు చైను బెత్తెడు లేచింది. ఆ రోజు నుంచి రెండు వరసలే.

ధర, వాయిదాల గొడవ చెప్పడం మొదలుపెడితే వేరే పురాణం అవుతుంది. ఒక్క పట్టు మాత్రం వదల్లేదు. విడి చైను ఎన్నాళ్లలో తెప్పిస్తారని అడిగితే డీలరు మనిషి తల గోక్కున్నాడు. సరే, ఇంకో జత చైన్లు బండితోపాటే ఇస్తేనే డబ్బు అన్నాను. ఇచ్చారు.

మొన్న నవంబరులో వాన పట్టిన నాలుగు రోజులు బండి బయటికి తీయలేదు. పెద్దాయన పారతో అడ్డకాలువల్లో ఆకులు లాగేస్తూ తిరిగాడు. నీళ్లు ఎక్కడికక్కడ పక్కకు దిగాయి. వాన వెలిశాక బండితో రాళ్లు పైకి తోలుతుంటే, కోడిగుడ్డంత రాయి చైనుకూ చక్రానికీ మధ్య ఇరుక్కుంది. బోల్టు వదులు చేసి, పలుగుతో ఎత్తి తీసేసరికి ముప్పావు గంట పట్టింది.

రోజూ సాయంత్రం చైన్లలోని బురద గీకే పని పెద్దాయనదే. కొబ్బరి చిప్పతో గీకుతూ ఒకటే గొణుగుడు: “ఎద్దయితే తన ఒళ్లు తనే దులుపుకునేది.”