మా ఎంటర్‌ప్రైజ్ బోటు, ఏడో వారం: చుక్కాని బరువు ఎక్కడిదో దొరికింది

ఈ ఆదివారం కూడా హుస్సేన్ సాగర్‌లోనే. పొద్దున ఎనిమిదిన్నరకి బోటు దింపాం. గాలి పడమర నుంచి, జూలైలో మామూలే, కాకపోతే నెక్లెస్ రోడ్డు వైపు మేడలు దాటుకుని వచ్చేసరికి ఒక ఊపు, ఒక విరామం అన్నట్టు తోస్తుంది. మాది పాత ఎంటర్‌ప్రైజ్. జాక్ హోల్ట్ 1956లో గీసిన డిజైన్, 4.04 మీటర్ల పొడవు, నీలం తెరచాపలు, ఇద్దరు నడిపేది. ఎంతో ఇష్టపడి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఆరు వారాలు ఏడిపించింది.

గాలి కాస్త పెరిగితే చాలు, ముక్కు గాలికి ఎదురు తిరిగేది. టిల్లర్ (చుక్కానిని తిప్పే కర్ర) రెండు చేతులా లాగి పట్టుకోవాలి, కాస్త సడలిస్తే తెరచాపలు టపటపా కొట్టుకుంటూ బోటు ఆగిపోయేది, ఈలోగా గాలి మమ్మల్ని ట్యాంక్‌బండ్ గోడ వైపు నెట్టేసేది. ముందు కూర్చుని జిబ్ (ముందుండే చిన్న తెరచాప) చూసుకునేది మా బావమరిది. పోయిన వారం ఒడ్డుకొచ్చాక "బావా, వచ్చే ఆదివారం నన్ను పిలవకు" అన్నాడు. ఈ బోటు కోసమే ఈత నేర్చుకున్నవాడు ఆ మాట అనేసరికి చాలా బాధేసింది.

ముందు మాస్ట్ (తెరచాపలు కట్టే స్తంభం) మీదే నా అనుమానం, మరీ వెనక్కి వాలి ఉందేమోనని. మెయిన్ హాల్యార్డ్‌కి (పెద్ద తెరచాపను పైకెత్తే తాడు) టేపు కట్టి పైకి లాగి, బోటు వెనక పలక పై అంచు దాకా కొలిచాను. షరౌడ్లు (మాస్ట్‌ని పక్కల నుంచి పట్టి ఉంచే తీగలు) రెండు పక్కలా ఒక్కో రంధ్రం వదులు చేసి ముందు తీగ బిగిస్తే కొలత 4 సెం.మీ. పెరిగింది, అంటే మాస్ట్ అంత ముందుకొచ్చింది. కొంచెం తేడా తెలిసింది, అంతే.

శనివారం సాయంత్రం బోటు ట్రాలీ మీద ఉండగా చుక్కాని పలక పూర్తిగా దించి, నీళ్లు తోసినట్టే అరచేత్తో వెనక్కి నొక్కి చూశాను. దాన్ని కిందికి పట్టి ఉంచే తాడు క్లీట్‌లోంచి (తాడును పళ్లతో పట్టి ఉంచే బిగింపు) మెల్లగా జారుతోంది! వేలు పెట్టి తడిమితే క్లీట్ పళ్లు అరిగి నున్నగా ఉన్నాయి. ఊరికే చూస్తే పలక నిటారుగానే ఉంటుంది, బలం పడితేనే కొస జానెడు వెనక్కి పోతోంది. నీళ్ల బిందె చంకన పెట్టుకోవడానికీ, చేయి చాచి మోయడానికీ ఎంత తేడా ఉంటుందో టిల్లర్ దగ్గర అంత తేడా. కొత్త క్లీట్, సాగని 4 మి.మీ. తాడు వేసి, పలక బోల్టు బిగించాను. పనిలో పనిగా బోటును తేలేలా ఉంచే గాలి ట్యాంకులో చేరిన నీళ్లు తీసేసి, సబ్బు నీళ్లు రాసి బుడగలొచ్చిన చోట సిలికాన్ పట్టించాను.

పిలవకు అన్నా బావమరిదిని పిలిచాను, వచ్చాడు. నిన్నటిదాకా రెండు చేతుల పని, ఇవాళ రెండు వేళ్లతో సరిపోయింది. బోటు ఒరిగితే ముక్కు ఇప్పటికీ గాలి వైపు తిరుగుతుంది, ఒరిగిన అడుగుభాగం ఆకారమే అలా తిప్పుతుంది. అప్పుడు చుక్కానితో కుస్తీ పట్టకుండా మెయిన్ షీట్ (పెద్ద తెరచాపను అదుపు చేసే తాడు) అడుగు మేర వదిలి, ఇద్దరం అంచు మీదికి వాలితే దారికొస్తోంది. సెంటర్‌బోర్డ్ (బోటు మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక) కొద్దిగా పైకి లాగితే ఇంకాస్త తేలికవుతోంది. పదిన్నరకి తిరిగొద్దామంటే "ఇంకో రౌండ్ బావా" అన్నాడు. ఎంత సంతోషమేసిందో!

ఎడమ వైపు నుంచి గాలి తగిలేటప్పుడు గాలికి దగ్గరగా పోతోంది, కుడి వైపు నుంచైతే పోవట్లేదు. షరౌడ్ల పొడవు రెండు పక్కలా విడివిడిగా కొలిచి వచ్చే వారం రాస్తాను.