పొట్టలో లాగింది అన్నాడు

మేం ఒడిశాలోని రాయగడ వచ్చి పదకొండేళ్ళు. పార్వతీపురం నుంచి రైలెక్కితే గంట ప్రయాణం. దీన్ని ప్రవాసం అంటే మా ఊళ్ళో ఒప్పుకోరు. 1936లో ఒడిశా ఏర్పడేవరకు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోదే. బజార్లో ఇప్పటికీ తెలుగులో బేరమాడొచ్చు. అయినా బాబు బడికెళ్ళడం మొదలయ్యాక వాడి భాష రెండుగా చీలింది. అన్నం దగ్గర తెలుగు, ఆటలో ఒడియా. తెలుగు ఎక్కడ పోతుందోనన్న భయంతో "ఇంట్లో ఒడియా వద్దు" అని నేనే రూలు పెట్టాను. ఒక్క మాట దొర్లినా ఆపి సరిచేసేదాన్ని.

మొన్న డిసెంబరులో, ఆదివారం సాయంత్రం, సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. తొమ్మిదేళ్ళ వాడు. "పడియాలో పడ్డానమ్మా" అన్నాడు. పడియా అంటే ఆటస్థలం. లారీలు తిరిగే మెయిన్ రోడ్డు వద్దని వాళ్ళ నాన్న, నేను గట్టిగా చెప్పి అక్కడికి పంపేవాళ్ళం. బండ్లు రాని చోట ఏమవుతుందిలే అన్న ధీమా. మోకాలు చెక్కుకుపోయింది. కుళాయి కింద కడిగి, అంటుకున్న ఇసుక తీసి, మందు రాశాను. నా చూపంతా ఆ మోకాలి మీదే. "పొట్టలో లాగింది" అన్నాడు మధ్యలో. ఆకలో, గ్యాసో అనుకుని కాస్త వాము నమిలించాను.

ఒడియాలో "లాగిలా" అంటే తగిలింది అని. నా రూలుకి భయపడి వాడు ఆ మాటనే తెలుగు చేసి చెప్పాడు. నేను కడుపు లాగడం అనుకున్నాను.

రాత్రి ముద్ద ముట్టలేదు. తెల్లారాక రెండుసార్లు వాంతి. బడికి పిలవడానికి వచ్చిన పక్కింటి అమ్మాయి గుమ్మంలో నిలబడి, "మాఉసీ, తా పేటరే హ్యాండెల్ లాగిలా" అంది. పిన్నీ, వాడి పొట్టకి హ్యాండిల్ తగిలింది అని. చొక్కా ఎత్తి చూశాను. ఎడమ పక్కటెముకల కింద రూపాయి బిళ్ళంత గుండ్రటి ఎర్ర మచ్చ, ముద్ర గుద్దినట్టు. హ్యాండిల్ చివరి రబ్బరు గ్రిప్పు ఊడిపోయి చాలా రోజులైంది. లోపలి ఇనప గొట్టం అంచు అది.

మచ్చ చూడగానే డాక్టరు స్కానింగ్ రాశారు. ప్లీహానికి, అదే స్ప్లీన్‌కి, చిన్న చీలిక. నాకు కాళ్ళాడలేదు. ఆయన ఓపిగ్గా చెప్పారు. మెల్లగా తొక్కుతూ పడేటప్పుడు ముందు చక్రం అడ్డం తిరుగుతుంది, హ్యాండిల్ కొన పొట్టకెదురుగా నిలుస్తుంది, ఒంటి బరువంతా ఆ కాస్త చోట పడుతుంది. పిల్లల పొట్టకి కండ పల్చన, పక్కటెముకలు మెత్తన. లోపల ప్లీహం, కాలేయం, క్లోమం (పాంక్రియాస్), చిన్నపేగు మొదటి భాగం నలిగిపోవచ్చు, పైన మచ్చ కూడా లేకుండానే. పేగు గోడలో రక్తం గడ్డకట్టి దారి మూసుకుంటే వాంతులు ఒకటి రెండు రోజులకి గానీ మొదలవవట. ఎడమ భుజం నొప్పి అన్నా తేలిగ్గా తీసుకోకూడదు, పొట్టలో రక్తం చేరితే నొప్పి అక్కడ తెలుస్తుంది. అదృష్టం, పిల్లల్లో ప్లీహం చాలావరకు ఆపరేషన్ లేకుండానే మానుతుంది. నాలుగు రోజులు మంచం మీదే ఉంచి, నాడి, బీపీ చూస్తూ గడిపారు.

హెల్మెట్ కూడా ఇంట్లో మేకుకి వేలాడుతోంది ఆరోజు. రోడ్డు మీదికైతేనే అనుకున్నాం. ఎండిన పడియా నేల సిమెంటుకేమీ తీసిపోదు. ఇప్పుడది లేకుండా సైకిలు గేటు దాటదు. కొత్త గ్రిప్పులు వేయించాం, కొనలు మూసుకున్నవి చూసి మరీ. పడుతూ చెయ్యి ఆన్చితే మణికట్టు, మోచెయ్యి విరగొచ్చు కాబట్టి, వాపు కనిపిస్తే మాలిష్ చేయించొద్దని మా అమ్మకి కూడా ఫోన్లో చెప్పాను.

రూలు తీసేశాను. నొప్పి ఏ భాషలో వస్తే ఆ భాషలోనే చెప్పమన్నాను. తెలుగు కథలు రాత్రిపూట ఎలాగూ చెప్పుకుంటున్నాం. వాడు ఆడి వచ్చాక నేనే అడుగుతున్నాను, "కెమితి పడిలు? కేఉఁఠి లాగిలా?" అని. ఎలా పడ్డావు, ఎక్కడ తగిలింది అని. వాడు ముందు నా ఉచ్చారణ సరిచేస్తాడు, తర్వాత చొక్కా ఎత్తి చూపిస్తాడు.