మూడు లేజర్లు, ఒక పట్టకం, హాలు గోడ

గాజు ఏ రంగు కాంతిని ఎంత వంచుతుందో కొలవాలనుకున్నాను. మొదటి శనివారం. సామాను: 60 డిగ్రీల గాజు పట్టకం, మూడు లేజర్ పెన్నులు (తరంగదైర్ఘ్యాలు: ఎరుపు 650, ఆకుపచ్చ 532, వయొలెట్ 405 నానోమీటర్లు), బటన్లు నొక్కి పట్టడానికి బట్టల క్లిప్పులు. పట్టకం నుంచి గోడకి సరిగ్గా 200 సెం.మీ. పట్టకం లేనప్పుడు చుక్క పడ్డచోట పెన్సిల్ గీత గీశాను, అదే సున్నా. పట్టకం ముఖాల మీంచి పక్కలకి కొట్టే కిరణాలు కళ్ళల్లో పడతాయేమోనని రెండు వైపులా అట్టపెట్టె ముక్కలు నిలబెట్టాను.

పట్టకాన్ని నెమ్మదిగా తిప్పుతుంటే చుక్క సున్నా వైపు జరుగుతూ వస్తుంది, ఒకచోట ఆగుతుంది, మళ్ళీ దూరం పోతుంది. ఆ ఆగిన చోటే కనిష్ఠ విచలనం, అంటే కిరణం అన్నిటికన్నా తక్కువ వంగే స్థితి. కొలత అక్కడే తీసుకోవాలి. తీసుకున్నా ఎరుపుకి వక్రీభవన గుణకం (గాజు కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.54 వచ్చింది, కటకాలకి వాడే మామూలు క్రౌన్ గాజుకి అది ఎక్కువ. పట్టకం లేనప్పటి కిరణం గోడకి లంబంగా పడటం లేదన్న సంగతి ఆదివారం గానీ తట్టలేదు. చిన్న అద్దం గోడకి ఆనించి, కిరణం తిరిగొచ్చి పెన్ను మూతి మీదే పడేదాకా బల్ల జరిపాను.

వయొలెట్‌తో ఇంకో తంటా. గోడకి అంటించిన తెల్ల ప్రింటర్ కాగితం మీద చుక్క వయొలెట్‌గా కాక నీలంగా, ఉబ్బినట్టు కనిపించింది. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనం ఆ కాంతిని పీల్చుకుని నీలంగా వెలుగుతుంది. పాత అట్టముక్క పెట్టాక చుక్క చిన్నదైంది.

రెండో శనివారం కొలతలు, సున్నా నుంచి: ఎరుపు 158.8, పచ్చ 161.3, వయొలెట్ 166.8 సెం.మీ. గుణకాలు 1.515, 1.520, 1.530. చుక్క స్థానంలో అర సెంటీమీటరు తప్పితే మూడో దశాంశంలో ఒకటి మారుతుంది.

మా అమ్మాయి గోడ చూసి, "నాన్నా, పచ్చకీ వయొలెట్‌కీ మధ్య ఎందుకంత ఖాళీ?" అంది. నిజమే. తరంగదైర్ఘ్యాల్లో తేడాలు దాదాపు సమానం, 118, 127. గోడ మీద మాత్రం 2.5, 5.5. నా కొలతే తప్పనుకుని మళ్ళీ తీశాను. అవే వచ్చాయి.

గాజులో ఎలక్ట్రాన్లు తమ అణువులకి కట్టేసి ఉంటాయి, ఊయలకి ఉన్నట్టు వాటికీ సొంత ఊపు ఉంటుంది. గాజు విషయంలో ఆ ఊపు అతినీలలోహితంలో ఉంది. ఊయల సొంత వేగానికి దగ్గరగా తోస్తే ఎక్కువ ఊగుతుంది కదా, వయొలెట్ తోపు ఎరుపు కన్నా ఆ వేగానికి దగ్గర. ఊగే ఎలక్ట్రాన్లు వెదజల్లే తరంగం అసలు తరంగంతో కలిసి దాన్ని వెనక్కి లాగుతుంది, గాజులో కాంతి నెమ్మదిస్తుంది, ఎక్కువ వంగుతుంది. సొంత ఊపుకి చేరువయ్యేకొద్దీ ఈ స్పందన ఒకే లెక్కన పెరగదు, అంతకంతకీ నిటారుగా లేస్తుంది. మా అమ్మాయి అడిగిన ఖాళీ అదే.

గ్రాఫులో నిలువుగా గుణకం, అడ్డంగా తరంగదైర్ఘ్యం బదులు దాని వర్గం విలోమం వేశాను. అలా వేస్తే దాదాపు సరళరేఖ రావాలని కోషీ సూత్రం చెబుతుంది. మూడు చుక్కలూ దాదాపు ఒకే సరళరేఖ మీదికొచ్చాయి. వాలు సుమారు 0.0042 చదరపు మైక్రాన్లు. బట్టల క్లిప్పులతో చేసిన పనికి ఇంత సరిగ్గా రావడమే నాకు చాలా ఎక్కువ.

ఇప్పుడు మైక్రోస్కోపు స్లైడ్లతో నీళ్ళ పట్టకం కడుతున్నాను. నీళ్ళకి ఎరుపు, వయొలెట్ల వంపు మధ్య దాదాపు 0.9 డిగ్రీ తేడా రావాలి, గాజుకి వచ్చింది 1.4. సిలికాన్ అంటించి రెండు రోజులైంది, కింది మూల ఇంకా కారుతోంది.