రంగం కూలీల చరిత్రకు ఒక సంతకం

కాన్ఫరెన్సుకు వెళ్లడానికి ట్రావెల్ గ్రాంటు మంజూరైందని నిన్న మెయిల్ వచ్చింది. సంతోషమే గానీ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

నా పీహెచ్‌డీ బర్మాలోని రంగం (రంగూన్, ఇప్పటి యాంగోన్) ఓడరేవులో పనిచేసిన తెలుగు కూలీల మీద. భారత కార్మిక చరిత్రకారుల సంఘం నోయిడాలోని వి.వి.గిరి జాతీయ కార్మిక సంస్థలో పెట్టే సదస్సుకు అబ్‌స్ట్రాక్ట్ పంపాను, తీసుకున్నారు. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

గ్రాంటు దరఖాస్తు మాత్రం యూనివర్సిటీ ద్వారానే వెళ్లాలి. ఒక సంతకం, ఒక స్టాంపు, అంతే. సెక్షన్‌లో ఎప్పుడు అడిగినా "ఫైలు సార్ టేబుల్ మీదుంది మేడం" అనేవారు. చివరికి సంతకం పెట్టాల్సిన ఆ సారే పిలిచారు. గదిలో ఇంకో నలుగురున్నారు. నన్ను కూర్చోమనలేదు. నా పేపర్ శీర్షిక పైకి చదివి, "కూలోళ్ల చరిత్ర చెప్పడానికి ఢిల్లీ దాకా ఎందుకమ్మా? శాతవాహనుల మీద చేసుంటే ఓ అర్థముండేది" అన్నారు. అందరూ నవ్వారు. టీ గ్లాసు తీసి నా ఫారం మీదే పెట్టారు. శీర్షిక చుట్టూ గుండ్రంగా మరక పడింది.

ఆ కూలోళ్లు మన గోదావరి, విశాఖ, శ్రీకాకుళం ఊళ్ల నుంచి ఓడెక్కినవాళ్లు. 1930 మేలో కూలి పెంచమని సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మీయులను పనిలో పెట్టారు. రాజీ కుదిరాక ఆ బర్మీయులను వెళ్లగొట్టారు. దాంతో రేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. ఇది చరిత్ర కాదా? రైల్వే కార్మికులను కూడగట్టి, అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు (ఏఐటీయూసీ) అధ్యక్షుడై, రాష్ట్రపతి దాకా ఎదిగిన తెలుగువాడి పేరు మీదున్న సంస్థకు వెళ్తుంటే వినాల్సిన మాటలా ఇవి?

ఆ రోజే కొత్త ఫారం నింపి, గడువు తేదీ రాసిన లెటరు జతచేసి ఇన్వర్డ్‌లో, అంటే వచ్చిన కాగితాలకు నంబరు వేసి తీసుకునే చోట, ఇచ్చాను. జిరాక్స్ కాపీ మీద నంబరు, తేదీ వేయించుకున్నాను. కాగితం మీద తేదీ పడేసరికి సంతకం దానంతటదే వచ్చింది. రీసెర్చ్ చేసేవాళ్లకు ఇదొక్కటే చెప్తాను: నోటిమాటగా అడగొద్దు, బతిమాలొద్దు. ఇన్వర్డ్ నంబరు లేని కాగితం ఎక్కడా కదలదు.

మెంటరింగ్ విషయంలో నాది అదృష్టమే. కలకత్తాలో ఉండే ఒక పెద్దావిడ, నన్ను ఎప్పుడూ చూడకపోయినా, నా డ్రాఫ్టు వాక్యం వాక్యం చదివారు. "సమ్మె గురించి బాగా రాశావు. కూలీలను కుదిర్చే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరకముందే ఓడెక్కినవాడు సమ్మెలో ఎలా నిలబడ్డాడు?" అని అడిగారు. నా గైడ్ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఇలాంటి ప్రశ్న వేయలేదు. కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీవి కాబట్టి రికార్డుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కే వెళ్లాలి. సోమవారం బయల్దేరుతున్నాను. అక్కడ చూపించాల్సిన యూనివర్సిటీ లెటరు కోసం దరఖాస్తు ఇవాళ పొద్దున్నే ఇన్వర్డ్‌లో ఇచ్చి, నంబరు వేయించుకుని వచ్చాను.